ప్యాంటు బిట్టు కాకుండా ఇంకేం పెట్టాలి?

మా నాన్న బీరువా పై అరలో పదిహేడు ప్యాంటు షర్టు బిట్లు ఉన్నాయి. నేనే స్వయంగా దించి లెక్కపెట్టాను. కొన్నిటికి అట్టపెట్టె కూడా విప్పలేదు. కొన్నిటి అంచున కుంకుమ మరక ఇంకా అలాగే ఉంది. ఇది పెద్దత్త కొడుకు పెళ్లిలో పెట్టింది, ఇది ఎదురింటివాళ్ల గృహప్రవేశానిది, ఇది రిటైరైన రోజు స్టాఫంతా కలిసి ఇచ్చింది అంటూ నాన్న ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతూనే ఉన్నారు.

“మరి కుట్టించుకోవచ్చుగా నాన్నా?” అన్నాను.

“మన టైలరు ప్యాంటుకి నాలుగొందల యాభై, షర్టుకి మూడొందల యాభై అంటున్నాడు. ఊరికే వచ్చినదానికి ఎనిమిదొందలు ఎవడు పెడతాడ్రా? ఆ డబ్బులకి రెడీమేడ్‌ది వచ్చేస్తుంది” అన్నారు.

అదీ సంగతి. మనం ప్రేమగా బొట్టుపెట్టి ఇచ్చే బిట్టు, తీసుకున్నాయన చేతిలో ఎనిమిదొందల బిల్లుగా మారుతోంది. ఆయన దాన్ని బీరువాలో దాస్తాడు. ఇంకెవరింట్లోనో పెళ్లి వస్తే తీసి పెడతాడు. ఓసారి మేమిచ్చిన బిట్టు నాలుగేళ్ల తర్వాత తిరిగి మా ఇంటికే వచ్చింది. డబ్బా మీద అమ్మ వేసిన టిక్కు మార్కు అలాగే ఉంది!

మొన్న శ్రావణంలో మా చెల్లి పెళ్లి. మాది తెనాలి, బావగారి వాళ్లది నరసాపురం దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటాను. పెళ్లి పనుల్లో నాకు అప్పగించినవి క్యాటరింగువాళ్లతో మాట్లాడటం, ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్స్ పంపటం లాంటివే. కానీ అమ్మ నోటుపుస్తకంలో ఒక లైను కంటపడింది. “మగపెళ్లివారి వైపు మగవాళ్లు 11, ప్యాంటు షర్టు, ఒక్కోటి 900.” పక్కనే 9,900 అని కూడిక. ఆ పక్కన బీరువాలో పదిహేడు బిట్లు. నాకు నవ్వు రాలేదు, కడుపు తరుక్కుపోయింది. నాన్న హైస్కూల్లో రికార్డ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. ఆ పెళ్లికి ప్రతి రూపాయీ ఆయన పీఎఫ్‌లోంచి, నా జీతంలోంచే రావాలి.

“ఈ పదకొండుమంది సంగతి నాకొదిలెయ్యమ్మా” అన్నాను.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. “వాళ్లెవరో నీకు తెలుసా? ముఖాలు కూడా చూళ్లేదు. ఏదైనా తేడా వస్తే ఆ మాట పడేది నువ్వు కాదు, నేనూ కాదు, అక్కడ కాపురం చెయ్యాల్సిన పిల్ల” అంది. అది నిజం. మన పెళ్లిళ్లలో పెట్టుపోతల దగ్గర వచ్చిన మాట పదేళ్లయినా పోదు. అందుకే అందరూ బిట్టు దగ్గర ఆగిపోతారు. దాన్ని ఎవరూ మెచ్చుకోరు, ఎవరూ తప్పుపట్టరు. చివరికి మాట ఇది: పళ్లెంలో గుడ్డ ఉండి తీరాలి, మొత్తం పన్నెండు వేలు దాటకూడదు.

వెతుక్కునేది ఏంటి?

ముందు బావగారికే ఫోన్ చేశాను. “మీ బాబాయిగారికి ఏం ఇష్టమండీ?” అంటే, “అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకండీ, ఏదైనా పర్లేదు” అన్నారు. మగవాళ్లని అడిగితే వచ్చే జవాబు ఇదొక్కటే. నన్నడిగినా నేనూ అదే చెబుతాను. పుట్టినరోజుకి ఏం కావాలని చెల్లి అడిగితే ఇరవయ్యెనిమిదేళ్లుగా ‘ఏమొద్దు’ అంటున్నవాణ్ని.

ఆఫీసులో డిసెంబరులో చీటీలు తీసి గుట్టుగా గిఫ్టులిచ్చే ఆట ఆడతాం. పరిమితి ఐదొందలు. పేరు తప్ప ఏమీ తెలియని మనిషి వస్తాడు. నా టేబుల్ మీద అలా వచ్చిన కాఫీ కప్పులు నాలుగు, నవ్వుతున్న బుద్ధుడి బొమ్మ ఒకటి ఉన్నాయి. ఇచ్చినవాళ్ల తప్పేం లేదు. ‘ఇతనికి ఏం ఇష్టం?’ అనే ప్రశ్న వేసుకుంటే, తెలియని మనిషి దగ్గర కప్పు తప్ప ఇంకో జవాబు రాదు.

అందుకని ప్రశ్న మార్చాను. బావగారి వదినగారిని పట్టుకున్నాను. ఆవిడకి ఆ ఇంట్లో పన్నెండేళ్ల కాపురం. “అక్కయ్యగారూ, బాబాయిగారు పొద్దున్నే ఎక్కడుంటారు? చేతిలో ఏముంటుంది? రోజూ ఏ వస్తువు కోసం ఇల్లంతా వెతుక్కుంటారు? ఎవరి దగ్గర ఏం అడిగి తీసుకుంటారు?” అని నాలుగే అడిగాను.

ఆవిడ గలగలా చెప్పుకుపోయారు. “ఆయ్, మా చినమావయ్యగారా? ఆయనకి రాత్రీ లేదు పగలూ లేదండీ, రొయ్యల చెరువు మీదే కాపురం. ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని రెండు చేతులతో తాడు లాగుతారు. ఫోన్ నీళ్లలో పడటం ఇది మూడోసారండీ.” ఇంకేం కావాలి! ఇష్టం తెలియకపోయినా మనిషి రోజు తెలిసింది. ఇరవై నిమిషాల ఫోన్‌లో పదిమంది గురించి రాసుకున్నాను. పదకొండో ఆయన దగ్గరే చేసిన తప్పు గురించి తర్వాత చెబుతాను.

పదకొండు పళ్లాలు

చెరువు బాబాయిగారికి తలకు కట్టుకునే లైటు కొన్నాను, 650 రూపాయలు. రాత్రిపూట నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, రొయ్యలతోపాటు అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే, కాబట్టి ఆ వేళకి గట్టు మీద మనిషి ఉండాల్సిందే. రెండు చేతులూ ఖాళీగా ఉంచే వెలుతురు ఆయనకి కావాలి. ఇక్కడ కొనేవాళ్లకి ఒక మాట. చవకగా దొరికే పెద్దపెద్ద రీఛార్జబుల్ టార్చిల్లో చాలావాటి లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. నాలుగు నెలలు ఛార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే అది చచ్చిపోతుంది. బరువూ ఎక్కువే. లిథియం బ్యాటరీ అని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకోండి. ఇంకోటి, ఇచ్చేముందు ఒకసారి ఫుల్ ఛార్జింగ్ పెట్టి వెలిగించి చూడండి.

బావగారి మేనమామ కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. మొదట పనిముట్లు ఏవైనా ఇద్దామనుకుని మానుకున్నాను. పని తెలిసినవాడికి పనిముట్టు ఇవ్వడమంటే వంటవాడికి గరిటె ఇవ్వడమే. ఆయనకి తన చేతికి అలవాటైనది ఉంటుంది, మనమిచ్చింది మూలన పడుతుంది. పైగా కరెంటు పనిముట్టు నాణ్యత మనం తేల్చలేం. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తీసుకెళితే పదింటికల్లా కాగిపోతాయట. లీటరు స్టీల్ ఫ్లాస్కు 900కి వచ్చింది. అది మంచిదో కాదో షాపులోనే తెలుసుకోవచ్చు. మరుగుతున్న నీళ్లు పోయించి, మూతపెట్టి ఐదు నిమిషాలాగి బయటివైపు చేత్తో తడమండి. ఒళ్లు వెచ్చబడితే రెండు గోడల మధ్య ఖాళీలో గాలి చేరినట్టే. ఆ ఫ్లాస్కు వేడిని ఆపదు, చల్లదనాన్నీ ఆపదు. నేను చూసిన మూడింటిలో ఒకటి అలా దొరికిపోయింది. షాపాయన కొంచెం గుర్రుగానే చూశాడనుకోండి.

డిగ్రీ చదివే తమ్ముళ్లు ఇద్దరికీ పవర్‌బ్యాంకులు, ఒక్కోటి వెయ్యి. ఇది నా ఏరియా కాబట్టి కొంచెం లెక్క చెబుతాను, భరించండి. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. ఫోన్‌కి వెళ్లేది 5 వోల్టుల దగ్గర. అక్కడ లెక్కేస్తే 7,400కి దిగుతుంది. ఆ మార్పిడిలో వేడిగా పోయేది పోగా చేతికి దక్కేది ఆరువేల పైచిలుకు. అదే డబ్బా వెనక చిన్నక్షరాలతో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఉంటుంది, దాన్ని చూసి కొనండి. అది అసలు రాయనిది, బీఐఎస్ గుర్తు లేనిది ఎంత చవకైనా వద్దు. ఇంట్లో తలగడ పక్కన పెట్టుకునే బ్యాటరీ అది.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు, బావగారి పెదనాన్న. పేపరు చూడటానికి కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుంటారని చెప్పారు. కళ్లజోడు ఇవ్వకూడదు, నంబరు మనకి తెలీదు. ఎటు కావాలంటే అటు మెడ వంగే రీఛార్జబుల్ టేబుల్ లైటు ఇచ్చాం, 750.

బైకుల మీద తిరిగే ఇద్దరికి రెయిన్‌కోట్లు, 850 చొప్పున. హెల్మెట్లు ఇద్దామని చాలా అనిపించింది కానీ తల కొలత లేకుండా హెల్మెట్ కొనడం, పాదం కొలత లేకుండా చెప్పులు కొనడం లాంటిది. వదులైన హెల్మెట్ ఉన్నా లేనట్టే. రెయిన్‌కోటు ఒక సైజు పెద్దదైనా ఇబ్బంది లేదు. మిగతా ఇద్దరికీ మడతపెట్టే గొడుగులు, 450 చొప్పున. వాళ్ల గురించి వదినగారికీ పెద్దగా తెలీదు.

మావయ్యగారికి, అంటే పెళ్లికొడుకు నాన్నగారికి, పంచెల చాపు. 1,200. ఆయన రోజూ పంచె కట్టే మనిషి. చూడండి, బట్టలు పెట్టడంలోనే తప్పు లేదు. పంచెకి టైలరు అక్కర్లేదు, సైజు అక్కర్లేదు, ఆ సాయంత్రమే కట్టుకోవచ్చు. పాతకాలంలో పంచె, కండువా పెట్టిన పద్ధతి చక్కగానే ఉంది. మగవాళ్లు ప్యాంట్లలోకి మారినప్పుడు పద్ధతి అలాగే ఉండి గుడ్డ మాత్రం మారింది. కుట్టుకూలి మధ్యలో వచ్చి కూర్చుంది.

ఇక ‘గుడ్డ ఉండాలి’ అన్న అమ్మ షరతు. పదకొండు పళ్లాల్లోనూ తాంబూలం మీద ఒక్కో చేనేత తువ్వాలు, 240 చొప్పున. మెత్తగా ఉబ్బుగా ఉండే టర్కీ తువ్వాళ్లు చూడటానికి బాగుంటాయి, కానీ గోదావరి వానల్లో అవి రెండ్రోజులైనా ఆరవు, వాసనొస్తాయి. పల్చటి నేత తువ్వాలు త్వరగా ఆరిపోతుంది, ఉతికేకొద్దీ నీళ్లు బాగా పీలుస్తుంది. భుజాన వేసుకోవచ్చు, ఎండలో తలకి చుట్టుకోవచ్చు, బస్సులో సీటు ఆపుకోవచ్చు కూడా.

అన్నీ కలిపితే 11,290 అయ్యింది. అమ్మ వేసిన లెక్క కంటే 1,390 ఎక్కువ. నిజం చెప్పుకోవాలిగా, చవక కాలేదు. కాకపోతే ఈసారి పుచ్చుకున్నవాళ్లకి పైసా ఖర్చు లేదు.

కొనకూడదని ముందే కొట్టేసినవి కూడా చెబుతాను. సెంటు సీసాలు, ఒకరి ముక్కు ఇంకొకరికి తెలీదు. పర్సులు, ప్రతి మగాడి దగ్గరా వాడనివి రెండుంటాయి. గోడ గడియారాలు, దేవుడి బొమ్మలు, ఇంటిపేరు చెక్కించిన వస్తువులు ఎవరికీ ఇవ్వలేరు, పారేయలేరు. చేతిరుమాలు ఇస్తే తగువులొస్తాయని, కత్తి లాంటివి ఇవ్వకూడదని, శుభకార్యంలో నలుపు వద్దని మా అమ్మలాంటి వాళ్ల లెక్కలు ఉంటాయి. నాకు నమ్మకం లేదు, అయినా పాటించాను. తీసుకునేవాళ్లకి నమ్మకం ఉంటే ఆ నలుపు గొడుగు తెరిచిన ప్రతిసారీ మనల్నే తలుచుకుంటారు కదా.

మరో మాట. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో, రోజూ వచ్చే డ్రైవర్‌కో పండగకి ఏమివ్వాలా అని ఇలా తలబద్దలు కొట్టుకోకండి. అక్కడ డబ్బే ఇవ్వండి. ఫ్లాస్కుతో స్కూలు ఫీజు కట్టలేరు.

పదకొండో పళ్లెం

తాతగారికి ఎనభై రెండేళ్లు. మావయ్యగారికి నాన్నగారు. ఆయన గురించి వదినగారిని నేను ఏమీ అడగలేదు. ఎనభై రెండు అనగానే నా బుర్రలో జవాబు వచ్చేసింది. నున్నటి చేతికర్ర, వంపు పిడి, కింద జారకుండా రబ్బరు తొడుగు. 550 రూపాయలు. అన్నిట్లోకీ నేను ముచ్చటపడి కొన్నది అదే.

పెళ్లిలో మగపెళ్లివారికి పెట్టే వేళ. నాన్న ఒక్కొక్కరికీ పళ్లెం అందిస్తున్నారు. చెరువు బాబాయిగారు లైటు అక్కడే తలకి తగిలించుకున్నారు, పిల్లలంతా కేకలు. మేనమామ ఫ్లాస్కు మూత తిప్పి చూసుకుని “ఆయ్, గట్టిదేనండోయ్” అన్నారు. నేను పక్కన నిలబడి పొంగిపోతున్నాను.

తాతగారు కాగితం విప్పారు. కర్రని చూశారు. ముట్టుకోలేదు. పళ్లెంలోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకుని, మిగతాది పక్కకి జరిపారు.

“ఏం బాబూ, నన్నప్పుడే మూల కూర్చోబెట్టేశారా?” అన్నారు. గొంతు పెద్దదేం కాదు. అయినా హాలంతా వినబడింది.

నాన్న చేతులు జోడించారు. “పిల్లాడు తెలియక చేశాడండీ” అన్నారు. నలభై ఏళ్లు స్కూల్లో ఎవరిచేతా ఒక మాట పడని మనిషి, నా మూలంగా అంతమందిలో చేతులు జోడించారు. అమ్మ నావైపు చూడలేదు. చెల్లి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మావయ్యగారు ఏదో హాస్యమాడి పళ్లేలు ముందుకు నడిపించారు కాబట్టి సరిపోయింది.

వదినగారు తర్వాత మెల్లగా చెప్పారు. తాతగారు రోజూ పొద్దున్నే కాలవగట్టు మీదుగా టీ కొట్టుదాకా ఒక్కరే నడుస్తారట. దారిలో ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే తిడతారట. నేను అడిగి ఉంటే ఇది ఆ ఇరవై నిమిషాల ఫోన్‌లోనే తెలిసేది.

మూడు వారాల తర్వాత చెల్లిని చూడటానికి వెళ్లాను. పొద్దున్న ఆరింటికి తాతగారు గుమ్మం దిగుతుంటే, “నేనూ రానా తాతగారూ?” అన్నాను. రమ్మనలేదు, వద్దనలేదు. వెనకే నడిచాను. వాన లేదు, ఎండ ఇంకా రాలేదు. అయినా ఆయన చేతిలో గొడుగు. పొడుగుది, వంపు పిడిది, పాతకాలపుది. మూసి ఉన్న ఆ గొడుగుని అడుగుకోసారి నేలకి ఆనిస్తున్నారు. గట్టు మీద బురద ఉన్నచోట దాని మీదే ఒళ్లంతా మోపి దాటారు. కొనమీద ఇనుప తొడుగు అరిగిపోయి కర్ర బయటపడింది. ఒక ఊచ విరిగి గుడ్డలోంచి పొడుచుకొచ్చింది. నిజంగా వానొస్తే అది తెరుచుకుంటుందో లేదో కూడా అనుమానమే.

ఆయనకి కర్ర అవసరం లేదని కాదు. ఊళ్లో ఎవరూ కర్ర అనలేని కర్ర కావాలి.

టీ కొట్టులో నా టీ డబ్బులు ఆయనే ఇచ్చారు. ఉద్యోగం ఏంటని అడిగారు, చెప్పాను. “కూర్చునే పనేనన్నమాట” అన్నారు.

ఆ సాయంత్రం నరసాపురం వెళ్లి నాలుగు షాపులు తిరిగాను. అన్నిచోట్లా మడతపెట్టేవే. ఐదో షాపులో అటక మీంచి దింపారు. పొడుగు గొడుగు, చెక్క పిడి, కొనమీద గట్టి ఇనుప తొడుగు. షాపులోనే దాని మీద బరువు మోపి చూశాను, వంగలేదు. 620 రూపాయలు. పన్నెండు వేలల్లో మిగిలిన 710లోంచి సరిపోయింది. ఈసారి పళ్లెం లేదు, కాగితం చుట్టలేదు. రాత్రి ఆయన మంచం పక్కన, పాత గొడుగు ఆనించి ఉన్నచోటే పెట్టేసి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి ఆరున్నర దాటింది. తాతగారు అప్పటికే వెళ్లిపోయారు. మంచం పక్కన పాత గొడుగు ఒక్కటే ఉంది. పెరట్లోంచి మాటలు వినిపిస్తే అటు వెళ్లాను. బామ్మగారు నా చేతికర్రని తిరగేసి పట్టుకుని, వంపు పిడితో జామకొమ్మని కిందికి లాగుతున్నారు. చెల్లి కొంగు పట్టి కాయలు అందుకుంటోంది.

“ఈ కర్ర భలే పనికొస్తోంది బాబూ, ఎక్కడ కొన్నావు?” అన్నారు బామ్మగారు.